ముఖం పడని ఫోటోలు

ఉదయం తొమ్మిదీ ఇరవైకి జగ్గయ్యపేట బస్సు నందిగామలో ఆగింది. అక్క వెనక తలుపులోంచి దిగి, కొంగు సర్దుకుని, నా కోసం చూసింది. చేతిలో నిండుగా ఉన్న గుడ్డసంచి. అందులో మా అత్తగారికని అమ్మ పంపిన జంతికలు, ఎండుమిరపకాయలు. అక్క చెల్లెల్ని చూడడానికి వెళ్తోందని పేటలో బస్సెక్కిన వాళ్ళు అనుకోవాలి. చూడడానికే వచ్చిందని నందిగామలో మా అత్తవారు అనుకోవాలి. సంచి అందుకే.

అక్కకు కుష్ఠు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. నాన్న "ఆ మచ్చ" అనేవారు. అమ్మ "ఆ సంగతి" అనేది. ఎడమ మోచేతి మీద ఒక రాగిరంగు మచ్చ, వీపు మీద ఇంకొకటి. మోచేతి నుంచి వేళ్ళదాకా చర్మానికి స్పర్శ తెలిసేది కాదు. అది బయటపడింది నా పెళ్ళికి ముందు ఏడాది, అన్నం కుండ దించుతుంటే వేళ్ళు కాలినా అక్క కుండ వదలనప్పుడు. నందిగామ ఊరి చివర ఒక పెంకుటింట్లో ఈ జబ్బుకు వారానికో రోజు మందిచ్చేవారు. సొంత ఊళ్ళో అయితే ఎవరో ఒకరి కంట పడుతుంది. నన్ను నందిగామ ఇవ్వడంలో నాన్నకు ఈ ఆలోచన కూడా ఉందేమో నాకు తెలియదు. అడగలేదు.

నా పెళ్ళి ఫోటోలో అక్క లేదు. పెద్దదాన్ని ఉంచి చిన్నదానికి ఎందుకు చేశారని, ఆ ఫోటో చూసిన ప్రతివాళ్ళూ అడుగుతారని నాన్న ఆమెను నిలబడనివ్వలేదు. అందరూ వరసగా నిలబడిన ఆ కాసేపూ అక్క సామాన్ల గదిలో బూందీ గంగాళం దగ్గర కూర్చుంది. అంతకుముందు మా ఇంట్లో ఎవరికీ ఫోటోలు లేవు. అవసరమని ఎవరికీ తోచలేదు.

ఆస్పత్రికి మొదటిసారి నాన్న కూడా వచ్చారు. మచ్చలకు ఫోటోలు తీయాలని డాక్టరుగారు అన్నారు. మచ్చ తగ్గిందో లేదో గుర్తుపెట్టుకుని చెప్పడం కష్టమట. పాత ఫోటో పక్కన కొత్తది పెడితే తెలుస్తుందట. నాన్న భుజాన ఉన్న కండువా తీసి, మళ్ళీ భుజాన్నే వేసుకున్నారు.

"ముఖం పడకూడదండీ."

"ముఖంతో మాకు పన్లేదండీ," అన్నారు డాక్టరుగారు.

"చెవి పడితే?"

"చెవి చూసి మనిషినెవరు గుర్తుపడతారండీ?"

నాన్న ఒప్పుకున్నారు.

ఫోటోలు తీసేది బజార్లో స్టూడియో ఉన్న ఒకాయన. పెళ్ళిళ్ళూ బారసాలలూ తీసే మనిషి. ఆస్పత్రి పనికి రావడం ఆయనకు ఇష్టం లేదని చూస్తేనే తెలిసేది. మొదట్లో దూరంగా నిలబడి, అక్క చెయ్యి ఎటు తిప్పాలో డాక్టరుగారికే చెప్పేవాడు. తిత్తి ఉన్న పెద్ద కెమెరాను మూడుకాళ్ళ మీద నిలబెట్టి, తిత్తిని పొడుగ్గా లాగి, అద్దాన్ని అక్క మోచేతికి బెత్తెడు దూరం దాకా తెచ్చేవాడు. మచ్చ పక్కన చెక్క స్కేలు పెట్టేవాడు. అంత దగ్గరగా తీస్తే వెలుతురు చాలాసేపు పడాలట. కదిలితే అంతా చెరిగిపోతుందట. అందుకని అక్కను కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద ఆనించి, ఊపిరి బిగబట్టమనేవాడు. వేసవికి ముందొకసారి, వానలు తగ్గాక ఒకసారి ఇలా జరిగేది.

ఫోటో తీసే రోజు అక్క తలంటుకుని వచ్చేది. వాయిల్ చీర కట్టుకునేది. కళ్ళకు కాటుక, జడలో కనకాంబరాలు.

"మోచేతి ఫోటోకి కాటుకెందుకక్కా?" అన్నాను ఒకసారి.

"మోచెయ్యి నాదేగా," అంది.

గాజులు తీయాలి కాబట్టి తీసి నాకిచ్చేది. నేను వాటిని నా గాజుల పైన తొడుక్కుని నిలబడేదాన్ని. అయ్యాక, "ఇటియ్యి, పుట్టింటి సొమ్ము ఎప్పుడు దొరుకుద్దా అని చూస్తావు," అని లాక్కునేది. ఆయన నల్లగుడ్డ కప్పుకుని లోపల సర్దుకుంటుంటే అక్క ఊరుకునేది కాదు.

"ఏవండీ, ఈ ఫోటో పంపిస్తే సంబంధం ఏదన్నా కుదురుద్దంటారా?"

"కదలమాకమ్మా," అని గుడ్డ కిందనుంచి గొంతు వచ్చింది. బయటికొచ్చాక ఆయన, "మోచెయ్యి నచ్చినోడికి మిగతాది నచ్చకుండా పోద్దా," అన్నాడు.

"అయితే పెళ్ళిచూపులకి మోచేతినొక్కదాన్నే పంపిస్తాం. చూసుకుని పొమ్మనండి."

ఆయన నవ్వాడు. ఆ తర్వాత వచ్చినప్పుడు అక్క చేతిని తనే పట్టుకుని వెలుతురుకు తిప్పాడు. తిప్పి, వెనక్కి వెళ్ళి చూసి, మళ్ళీ వచ్చి కొంచెం తిప్పాడు. నా పెళ్ళికి మా అత్తవారు పిలిపించిందీ ఆయన్నే; అప్పుడు మా అందరినీ ఒక్కసారి చూసి తీసేశాడు. అక్క మోచేతిని చూసినంతసేపు ఎవరూ నా ముఖాన్ని చూడలేదు.

డాక్టరుగారు పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూపించేవారు. చర్మం మీద సన్నటి గీతలు, ప్రతి రోమమూ, రోమం మొదట్లో చుక్కా కనిపించేవి. మచ్చ ఉన్నచోట రోమాలు లేవు. అక్క ఆ ఫోటోలను చాలాసేపు చూసేది, మిగతా ఆడవాళ్ళు తమ పెళ్ళి ఫోటోలు చూసుకునేంతసేపు. "మన రేగడి చేను ఎండితే ఇట్టాగే ఉంటది చూడవే," అంది. పోలికలు చెప్పడం ఆమెకు ఇష్టం. నాకు అలవాటు లేదు. నాకది అక్క చెయ్యిలాగే కనిపించింది. చిన్నప్పుడు నన్ను బడికి ఈడ్చుకెళ్ళిన చెయ్యి.

"నీ ముఖానికి ఒకటే ఫోటో. నా మోచేతికి చూడు ఎన్నో," అనేది బస్సు కోసం నిలబడ్డప్పుడు.

తెల్లమాత్రలు పనిచేశాయి. మూడేళ్ళకు మోచేతి మచ్చ అంచులు చర్మంలో కలిసిపోవడం మొదలైంది. వీపు మీద మచ్చ ఎక్కడుందో స్కేలు పెట్టి వెతకాల్సి వచ్చింది. కాని మధ్యలో చెవి తమ్మెలు దళసరెక్కి మెరిసేవి. అవీ తగ్గుతాయని డాక్టరుగారు చెప్పారు. ఆ ఏడే స్టూడియో ఆయన ఒక మాటన్నాడు.

"ఒకసారి స్టూడియోకి రామ్మా. ముఖం తీస్తా. మీ నాన్నగారికి చెప్పన్లే."

అక్క చెవి తడుముకుంది.

"ఇవి తగ్గాక వస్తానండీ. ఇన్నాళ్ళాగా, ఇంకొంచెం ఆగితే ఏం పోయింది?"

ఆ రోజే చెవికీ ఫోటో తీశారు. కమ్మ తీయించి, జుట్టు పైకి దువ్వించి, తల కిటికీ వైపు తిప్పించారు. చెవి, చెవి కింద మెడ పక్కన ఉబ్బిన నరం, జుట్టు మొదలు, ఇటువైపు చెంప అంచు. నేను ఎదురుగా నిలబడి ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తులేదు. "నవ్వమాకమ్మా, చెవి కదులుద్ది," అన్నాడాయన. అక్క నవ్వును ఆపుకుంది. అలాగే పడింది.

ఆ ఏడు వానల్లో అక్కకు కామెర్లు వచ్చాయి. నాకు కబురొచ్చి నేను పేట వెళ్ళేసరికి కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి, అన్నం సయించడం లేదు. నాన్న కామెర్లకు వాత వేసే ఆయన్ని పక్క ఊరినుంచి తీసుకొచ్చారు. అప్పట్లో అందరూ చేసేది అదే. ఎర్రగా కాల్చిన పసుపుకొమ్ము మణికట్టు మీద ఆనిస్తారు. ఆయన కుంపటి ముందు కూర్చుని ఎడమచెయ్యి ఇమ్మన్నాడు.

"కుడిచేతికి వెయ్యండి బాబూ," అంది అమ్మ.

"ఆడోళ్ళకి ఎడమచెయ్యేనమ్మా."

"కుడిచెయ్యయితే ఓర్చుకుంటది."

"చెయ్యి మారిస్తే గుణం రాదు తల్లీ. నువ్వట్టా ఉండు."

అక్క ఎడమచెయ్యి చాపింది. ఆయన కొమ్ము ఆనించాడు. చర్మం కాలిన వాసన వచ్చింది. అక్క నీరసంగా వాసాలకేసి చూస్తోంది. చెయ్యి కదలలేదు. ఆయన కొమ్ము తీయకుండా ఆమె ముఖంలోకి చూశాడు. అమ్మ గుప్పిట నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు అక్క అమ్మను చూసింది, తన చెయ్యి చూసుకుంది, "అబ్బా, అమ్మా," అని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆలస్యమైపోయింది. అది ఆ గదిలో ఉన్న నలుగురికీ తెలుసు.

"ఓర్పెక్కువండీ దానికి, చిన్నప్పట్నుంచీ," అంది అమ్మ.

ఆయన అక్క వేళ్ళ మీద పాత కాలిన మచ్చలు చూశాడు. కుంపటిలో నీళ్ళు పోశాడు.

"మజ్జిగన్నా పుచ్చుకోండి."

"వద్దులేమ్మా," అని లేచి వెళ్ళిపోయాడు.

అక్క ఆ వారంలోనే పోయింది. కామెర్లతో పోయింది. ఊరు మాత్రం వేరే అనుకోవడం మొదలుపెట్టింది.

పెద్దకర్మకు ఫోటో కావాలన్నారు నాన్న. ఏ ఫోటోలోనూ ముఖం పడనివ్వని ఆయనే అడగడం నాకు వింతగా తోచలేదు. ఏదో ఒక పని కావాలి ఆయనకు. పేటలో ఒక ఆర్టిస్టు ఉండేవాడు. ఫోటో లేకుండా పోయినవాళ్ళకు, అదే రక్తం ఉన్నవాళ్ళ ఫోటో చూసి, ఇంట్లోవాళ్ళు చెప్పిన మార్పులు చేసి, నల్లపొడితో బొమ్మ వేసేవాడు. చాలా ఇళ్ళలో అలాంటివే ఉండేవి. తాతకు మనవడి ముఖం, పురిట్లో పోయిన తల్లికి కూతురి ముఖం. నాన్న నా పెళ్ళి ఫోటో తీసుకెళ్ళారు. నుదురు కొంచెం వెడల్పు చేయమన్నారట. గడ్డం కింద పుట్టుమచ్చ పెట్టమన్నారట. చెవులు మామూలుగా వేయమన్నారట.

పెద్దకర్మ రోజు ఆ బొమ్మను కుర్చీలో పెట్టి దండ వేశారు. నుదురు వెడల్పు చేయలేదు. పుట్టుమచ్చ ఉంది. మిగతాదంతా నేనే. చుట్టాలు దాని ముందు కూర్చుని ఏడ్చారు. "అచ్చం అట్టాగే ఉందే తల్లీ," అంది మా మేనత్త. నేను పక్కనే విస్తళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక ముసలావిడ బొమ్మ చూసి, నన్ను చూసి, మళ్ళీ బొమ్మ చూసింది.

మా అత్తగారు మధ్యాహ్నం బండి మీద వచ్చారు. గడపలోనే ఆగిపోయారు.

"ఇదేంటి అన్నయ్యగారూ, బతికున్న పిల్లకి దండేశారు?"

"పెద్దదండీ. పోలిక," అన్నారు నాన్న.

"పోలికేంటి? ఆ ముక్కుపుడక మేం పెట్టింది కాదూ? అది నా కోడలు. తియ్యండి ముందు."

ఆర్టిస్టు ముక్కుపుడక తీయడం మరిచిపోయాడు. నాన్న దండ తీసి, బొమ్మను గాదె వెనక గోడకు తిప్పి పెట్టారు. భోజనాలు అయ్యాయి.

నేను నందిగామ తిరిగి వెళ్ళేముందు అమ్మ నన్ను దొడ్లోకి పిలిచింది.

"నాకు దాని ముఖం రావట్లేదే," అంది.

"ఇంకా పదిహేను రోజులు కాలేదు కదమ్మా."

"కళ్ళు మూసుకుంటే ఆ బొమ్మే వస్తంది. నీ ముఖమే వస్తంది. దాన్ని పిలుస్తుంటే నువ్వు పలుకుతున్నావు. ఇరవయ్యేడేళ్ళు పెంచా. ఒక్కపూట ఆ బొమ్మ చూస్తే పోయిందేంటే?"

ఆమె ఏడవలేదు. భయపడింది. కూతురు రెండోసారి పోతున్నట్టు భయపడింది. నేను ఏం చెప్పినా ఆమె నా ముఖంలోకి చూడకుండా నేల చూసి వింది.

నందిగామ వచ్చాక, మందిచ్చే రోజు చూసి నేను ఆస్పత్రికి వెళ్ళాను. మా వారికి చెప్పలేదు. డాక్టరుగారు సంగతి విని, మందుల చీటీ వెనక స్టూడియో ఆయనకు నాలుగు ముక్కలు రాసిచ్చారు. ఆయన చదివి, "అయ్యో, ఆ నవ్వులమ్మాయా," అన్నాడు. ముఖం తీయనివ్వలేదే అని ఒకసారి గొణుక్కున్నాడు. సాయంత్రానికి మూడు ఫోటోలు చేసిచ్చాడు. మోచెయ్యి, వీపు, చెవి. స్కేలు ఉన్నంత మేరా అంచు కత్తిరించనా అని అడిగాడు. వద్దన్నాను.

అవి పేటకు తీసుకెళ్ళి అమ్మ ముందు పరిచాను. నాన్న కూడా వచ్చి నిలబడ్డారు. అమ్మ మోచేతిని చూసి పక్కన పెట్టింది. వీపును చూసి, తల అడ్డంగా ఊపింది. చెవి చేతిలోకి తీసుకుంది.

"కమ్మేదే?"

"తీయమన్నారమ్మా, ఫోటోకి."

"దీని చెవి వెనకాల జుట్టు ఎప్పుడూ ఇట్టాగే, ఎంత నూనె రాసినా లేచి నిలబడుద్ది." వేలు ఫోటో మీద పెట్టకుండా పైన పైన జరిపింది. చెవి, మెడ, చెంప అంచు దాకా వచ్చి ఆగింది. "నవ్వుతోంది," అంది. "ఏం చూసి నవ్వింది?"

"నన్ను చూసి."

అమ్మ కళ్ళు మూసుకుంది. చెవి దగ్గర మొదలుపెట్టి చెంప, చెంప పక్కన నోరు, అలా తెచ్చుకున్నానని తర్వాత చెప్పింది. చివరకు కళ్ళు వచ్చాయట.

నాన్న మోచెయ్యినీ వీపునూ తీసుకుని పొయ్యిలో పెట్టారు. మచ్చలు కనపడేవి అవే. చెవి కోసం చెయ్యి చాపితే అమ్మ ఇవ్వలేదు.

"ఎవరన్నా అడిగితే ఏం చెప్తావ్?"

"చెవి అని చెప్తా."

దాన్ని అద్దం కట్టించి నడిమింట్లో పెట్టింది. దండ వేయలేదు, బొట్టు పెట్టలేదు. పొరుగావిడ ఒకరోజు వచ్చి, "ఇదేంటి వదినా, చెవి పటం?" అంది. "మా పెద్దమ్మాయి," అంది అమ్మ. చెవి తమ్మె దళసరిగా ఉన్న సంగతి ఆ పొరుగావిడ చూసింది. వాత వేసినాయన మాట అప్పటికే ఊళ్ళో ఉంది. రెండూ కలిశాయి.

ఆ మాట నందిగామ రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక ఆదివారం మా అత్తగారు, "తలంటుతాను రా అమ్మాయ్," అన్నారు. అంతకుముందెప్పుడూ ఆమె నాకు తలంటలేదు. దొడ్లో ఎండలో నన్ను పీట మీద కూర్చోబెట్టి, జాకెట్టు విప్పమని, వీపు, భుజాలు, చేతులు, చెవుల వెనక చూశారు. అక్కడక్కడా గోటితో నొక్కారు.

"తెలుస్తోందా?"

"తెలుస్తోందత్తయ్యా."

"ఇక్కడ?"

"తెలుస్తోంది."

ఆమె చెడ్డమనిషి కాదు. నొక్కినచోట నూనె రాసి రుద్దారు. స్టూడియో ఆయన కూడా చర్మాన్ని అంతే దగ్గరనుంచి చూసేవాడు. కాని అక్క ఆ చూపుకు కాటుక పెట్టుకుని వెళ్ళేది. నేను పీట మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఈ తలంటడం చాలా ఏళ్ళు, నెలకోసారి జరిగింది. నా కంచం, నా గ్లాసు వేరే పెట్టారు. నన్ను వదిలేయలేదు. పుట్టింటికి పంపడం మాత్రం మానేశారు. అమ్మ పోయినప్పుడే మళ్ళీ పేట వెళ్ళాను.

నడిమింట్లో పటం అలాగే ఉంది. నాన్న దాన్ని తీసి నాకిచ్చారు. "నాకది చూస్తే ఏమీ రాదు," అన్నారు. "మీ అమ్మకొచ్చేది."

నాకూ రాదు. ఎన్నోసార్లు ప్రయత్నించాను. చెవి నుంచి చెంప దాకా వెళ్తాను. అక్కడినుంచి నా ముఖం మొదలవుతుంది, ఆ బొమ్మలో ఉన్న నా పద్దెనిమిదేళ్ళ ముఖం, ముక్కుపుడకతో. అక్క నవ్వు ఎలా వినిపించేదో తెలుసు, చెయ్యి ఎంత వెచ్చగా ఉండేదో తెలుసు. ముఖం లేదు. అది తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.

ఆ ఆర్టిస్టు తర్వాత ఆ పని ఎవరూ చేపట్టలేదు. పేటలో ఇప్పుడు అందరికీ ఫోటోలున్నాయి, పోయినవాళ్ళకు బతికున్నవాళ్ళ ముఖం చూసి బొమ్మ వేయడం లేదు.